గోమారి లేని కుక్క

కుక్క ఒంటికి అతుక్కుని నెత్తురు తాగే పురుగును కొన్ని జిల్లాల్లో పిడుదు అంటారు. మా వైపు గోమారి అంటారు. మా తుమ్మలరేవు మున్సిపాలిటీలో మాత్రం కిందటి జూలై నుంచి 'బాహ్య పరాన్నజీవి' అంటున్నాం. పేరు పెద్దదైతే ఫైలు కూడా లావవుతుందని ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను గ్రహించాను. ఆ మున్సిపాలిటీ ఆరోగ్య విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. పేరు భీమేశ్వరరావు. తప్పెవరిదని చివర్లో మీరు వెతుక్కునే శ్రమ లేకుండా ముందే ఒప్పుకుంటున్నాను. ఫారం తయారు చేసింది నేనే.

జూలైలో ఒక పెద్దమనిషి కుటుంబంతో సహా మా అతిథిగృహంలో భోజనానికి ఆగారు. ఆయన భార్యగారి ఒళ్ళో దిండంత కుక్కపిల్ల ఉంది. వాళ్ళు ఇల్లు చేరాక దాని చెవి వెనక ఒక గోమారి కనిపించింది. అది మా ఊళ్ళో ఎక్కిందో, దారిలో టీకి ఆగిన చోట ఎక్కిందో, లేక వాళ్ళ ఇంటినుంచే బయల్దేరి మా ఊరు చూసి వెళ్ళిందో ఎవరూ విచారించలేదు. ఫోను వచ్చింది. ఫోను వెనక ఉత్తరం వచ్చింది. ఉత్తరం వెనక 'గోమారి రహిత తుమ్మలరేవు' అనే పథకమూ, దానికొక ప్రత్యేకాధికారీ వచ్చారు.

ప్రత్యేకాధికారి పేరు శశిభూషణ్ గారు. మనిషి మంచివాడు, కష్టపడే స్వభావం. అందుకే ఇంత జరిగింది. పని చెయ్యని అధికారి వచ్చి ఉంటే సాయంత్రం ఐదింటికి ఇంటికెళ్ళిపోయేవాడు, కుక్కలు బతికిపోయేవి.

మొదటి సమావేశంలో ఆయన లేచి నిలబడి మాట్లాడారు.

"గణాంకాలు లేనిదే నివారణ లేదు. కాబట్టి మొదటి త్రైమాసికంలో పట్టణంలోని పెంపుడు కుక్కల మీద ఉన్న బాహ్య పరాన్నజీవుల వాస్తవ స్థితిని క్షేత్రస్థాయిలో మదింపు చేస్తాం. రెండో త్రైమాసికంలో ముప్పై శాతం తగ్గిస్తాం. మూడో త్రైమాసికంలో మరో ముప్పై శాతం."

మా పశువైద్యుడు మస్తాన్‌వలీ గారు చెయ్యెత్తారు. "సార్, దీనికి లెక్కలెందుకండీ? గోమారి కనబడితే ప్లకర్‌తో, అదే చిన్న పట్టకారుతో, చర్మానికి దగ్గరగా పట్టుకుని, మెలిపెట్టకుండా తిన్నగా లాగేస్తే వచ్చేస్తుంది. స్పిరిట్‌లో పడేస్తే చస్తుంది. నెలకోసారి మెడ మీద మందు చుక్కలు వెయ్యాలి, కుక్క పడుకునే గుడ్డలు వేణ్ణీళ్ళలో ఉడకెయ్యాలి. ఇవాళే మొదలెట్టొచ్చండీ."

శశిభూషణ్ గారు చిరునవ్వు నవ్వారు. "డాక్టర్ గారూ, ఇవాళే తీసేస్తే రెండో త్రైమాసికంలో తగ్గించడానికి ఏం మిగులుతుంది?"

డాక్టరు గారు ఫ్యాను వంక చూశారు. ఆయనకు రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుంది.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. నేనే టైపు చేశాను కాబట్టి నాకు కంఠతా వచ్చు. గణన పూర్తయ్యేవరకు పట్టణంలోని బాహ్య పరాన్నజీవులన్నిటి విషయంలో యథాతథ స్థితి కొనసాగించాలి. ఎవరూ వాటిని తొలగించడం, చంపడం, ఒక చోటునుంచి మరొక చోటికి తరలించడం చేయరాదు. లెక్కకెక్కిన కుక్కకు మెడలో ఇత్తడి బిళ్ళ కడతారు. నెలాఖరుకు బిళ్ళ లేని కుక్కను అనాథగా పరిగణించి, సంత దగ్గర ఉన్న రేకుల షెడ్డుకు తరలిస్తారు.

ఏడో నిబంధన శశిభూషణ్ గారు స్వయంగా చెప్పి రాయించారు. మూడో వార్డు కౌన్సిలరు గారు తమ కుక్కను లెక్క నుంచి తప్పించమని కబురు పంపారు. దానికి జవాబుగా పుట్టింది అది. 'ఏ ప్రాణి ఒంటిమీద పరాన్నజీవి కనబడినా, ఆ ప్రాణి వివరాలను అదే రోజు, అదే చోట నమోదు చేయవలెను. హోదా, పలుకుబడి, జాతి కారణంగా ఏ ప్రాణికీ మినహాయింపు లేదు.' ఆ వాక్యం చదివి మేమంతా చప్పట్లు కొట్టాం. నాకైతే ఒళ్ళు పులకరించింది.

ఇక ఫారం సంగతి. రెండేళ్ళ కిందట మేము ఇంటింటికీ తిరిగి దోమల లార్వా లెక్కించాం. అప్పుడు లెక్కించేవాళ్ళు టీకొట్టు బల్లమీద కూచుని ప్రతి ఇంటికీ సున్నా వేసుకుంటూ పోయారు. ఆ ఏడు ఊరంతా మంచం పట్టింది. దాంతో అప్పటి కమిషనరుగారు మండిపడి, లార్వాల సంఖ్య రాసే పదకొండో గడి కింద బ్రాకెట్లో 'సున్నా వేయరాదు' అని అచ్చు వేయించారు. ఇప్పుడు నాకు కొత్త ఫారం చేయడానికి ఒక్క పూట గడువిచ్చారు. నేను ఆ పాత ఫారం తీసి, లార్వా అన్నచోట పరాన్నజీవి అనీ, తొట్టి అన్నచోట కుక్క అనీ మార్చాను. బ్రాకెట్‌ను ముట్టుకోలేదు. ఉన్న బ్రాకెట్‌ను తీసెయ్యాలంటే పై అధికారి అనుమతి కావాలి.

మా పక్కింట్లో మంగతాయారు గారని ఉన్నారు. జాకెట్లు కుడతారు. వయసు యాభై దాటింది, ఒంటరి మనిషి. నేను అక్కగారూ అంటాను, ఆవిడ తమ్ముడూ అంటుంది. చేతిపని ఎంత కచ్చితమో నోరూ అంతే. ఆవిడ కుట్టిన జాకెట్టు లోపలి వైపు తిప్పి చూసినా ఒక్క దారం పోగు వేలాడదు. ఆవిడకో చిన్న తెల్ల పొమరేనియన్ ఉంది. పుట్టినప్పుడు గుప్పెట్లో పట్టేదని దానికి సగ్గుబియ్యం అని పేరు పెట్టింది.

రెండేళ్ళ కిందట సగ్గుబియ్యానికి గోమారి జ్వరం వచ్చింది. చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. తల ఎత్తలేకపోయింది. తొమ్మిది రోజులు డాక్టరు గారు సెలైన్ పెడితే, తొమ్మిది రోజులూ అక్కగారు మిషను మీద గుడ్డ కప్పి దాని పక్కనే కూచుంది. పెళ్ళివారి జాకెట్లు కూడా వెనక్కిచ్చేసింది. బతికాక డాక్టరు గారు ఒక మాట చెప్పారు. "అమ్మా, ఈసారి గట్టెక్కింది. మళ్ళీ ఒక్కసారి ఈ జ్వరం వస్తే నా చేతుల్లో ఉండదు. ఒక్క గోమారి కూడా దీని మీద ఉండకూడదు."

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం మూడింటికి మిషను ఆగిపోతుంది. అరుగు మీద తెల్ల లైనింగు గుడ్డ పరిచి, సగ్గుబియ్యాన్ని దానిమీద పడుకోబెట్టి, దారాలు పీకే ప్లకర్ పట్టుకుని ఆవిడ వెతుకుతుంది. చెవుల లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, కాలివేళ్ళ మధ్య, తోక మొదట్లో. పక్కన మూతపెట్టిన స్పిరిట్ సీసా. మొదట్లో రోజుకు పదీ పదిహేనూ దొరికేవి. తర్వాత ఒకటీ అరా. ఏడాదిన్నరగా ఏమీ దొరకలేదు. అయినా మూడయ్యేసరికి లైనింగు గుడ్డ పరుస్తుంది.

యథాతథ ఉత్తర్వు గురించి నేనే భయం భయంగా చెప్పాను.

"ఉన్నవి తియ్యొద్దన్నారు, అంతేగా? దీనికి లేవు. నాకేం బాధ?" అంది అక్కగారు.

నాకూ ఏ బాధా తోచలేదు. మా ఇద్దరికీ పదకొండో గడి గుర్తు రాలేదు.

మా వీధి లెక్క అప్పలస్వామి మాస్టారికి పడింది. మనుషుల్ని లెక్కపెట్టాలన్నా, ఓట్లు లెక్కపెట్టాలన్నా, మరుగుదొడ్లు లెక్కపెట్టాలన్నా మా దగ్గర మాస్టార్లే దిక్కు. ఈయన మున్సిపల్ హైస్కూల్లో లెక్కలు చెబుతారు. కళ్ళజోడు తుడుచుకుని, సగ్గుబియ్యం చెవి దగ్గర్నుంచి మొదలుపెట్టి గంటసేపు వెతికారు. అది హాయిగా నిద్రపోయింది. చివరికి ఆయన ఫారం తీసి, కలం పట్టుకుని, అలాగే ఉండిపోయారు.

"ఏంటండీ మాస్టారూ, ఏం రాయాలో తెలీట్లేదా? సున్నా వెయ్యండి" అంది అక్కగారు.

"వెయ్యకూడదంటమ్మా. ఇక్కడ అచ్చేశారు చూడండి." ఆయన కలానికి మూత పెట్టేశారు. "ఇరవయ్యేళ్ళనుంచి పిల్లలకి సున్నా గొప్పతనం చెబుతున్నానండీ. సున్నా మనవాళ్ళే కనిపెట్టారని చెబుతున్నాను. ఇప్పుడు నన్నే వెయ్యొద్దంటున్నారు."

"పోనీ ఖాళీగా వదిలెయ్యండి."

"ఖాళీగా వదిలేస్తే రిమార్కు రాయాలండి. మూడే రిమార్కులిచ్చారు. 'తాళం వేసి ఉంది', 'కుక్క కరిచింది', 'కుక్క చనిపోయింది'. ఈ మూడిట్లో ఏదైనా మీకు నచ్చితే..."

అక్కగారు ప్లకర్ చేతిలోకి తీసుకుంది. మాస్టారు ఒక మెట్టు దిగి నిలబడ్డారు. అక్కణ్ణుంచే మెల్లగా ఒక సలహా చెప్పారు. "కోప్పడకండమ్మా. ఫొటో స్టూడియో వాళ్ళ టైగర్ మీద కావలసినన్ని ఉన్నాయి. ఒక్కటి తెచ్చి దీనిమీద వదిలితే, నేను ఒకటి అని వేసి బిళ్ళ కట్టేస్తాను. నేనెళ్ళాక తీసేసుకోండి. అందరూ అదే చేస్తున్నారు."

నిజమే. శుభ్రంగా ఉండే కుక్కలు మా వీధిలో ఇంకో అయిదున్నాయి. వాటి యజమానులు ఒక అగ్గిపెట్టెలో ఒక గోమారిని పెట్టి ఇంటింటికీ తిప్పుతున్నారు. పండక్కి చంద్రకాంతలు వండే ముందు పక్కింట్లో పంచదార అడిగినట్టు, "వదినా, మీ పని అయిపోతే ఓసారి గోమారి ఇస్తారా" అని అడుగుతున్నారు.

"నేను ఇవ్వను, పుచ్చుకోను" అంది అక్కగారు. "ఒక్కటంటే ఒక్కటి చాలని డాక్టరు గారు చెప్పారు. ఆ ఒక్కటీ నా చేత్తో నేనే ఎక్కించాలా?"

ఆ అగ్గిపెట్టె దారి కూడా వారం తిరక్కుండానే మూసుకుపోయింది. ఫారానికి పరాన్నజీవి ఫొటో జతచేయాలి. మా వీధి ఫారాలు ఆఫీసుకొచ్చాక శశిభూషణ్ గారు భూతద్దం పెట్టి చూశారు. అయిదు ఫొటోల్లోనూ గోమారికి ఎడమవైపు మూడో కాలు లేదు. ఆయన చాలా బాధపడ్డారు. వెంటనే లెక్కకెక్కిన ప్రతి గోమారి వీపు మీదా ఓట్లనాడు వేలికి పూసే సిరాతో చుక్క పెట్టాలని ఆదేశించారు. మాస్టార్లకు తలా ఒక సిరాబుడ్డీ, ఒక చీపురుపుల్లా ఇచ్చాం. చుక్క ఉన్న గోమారి ఇంకో కుక్క మీద దొరికితే అది వలస కింద వస్తుంది. వలసకు వేరే ఫారం ఉంది. అదీ నేనే చేశాను.

నెలాఖరు దగ్గరపడింది. సగ్గుబియ్యం మెడలో బిళ్ళ లేదు. రేకుల షెడ్డు గురించి డాక్టరు గారిని పక్కకు పిలిచి అడిగాను. ఆయన చుట్టూ చూసి చెప్పారు. "ఆ షెడ్డు గోడలకి వేసిన సున్నం కనబడదు భీమేశ్వరరావ్ గారూ. అన్నీ గోమార్లే. ఆ పిల్ల అక్కడ రెండు రోజులుంటే మూడో రోజు నేను చెయ్యగలిగింది ఉండదు."

ఆ మాట విన్నాక నాకు ఆఫీసులో కూచోబుద్ధి కాలేదు. బ్రాకెట్ తీసెయ్యాలని ఒక నోట్ ఫైలు రాసుకుని శశిభూషణ్ గారి గదిలోకి వెళ్ళాను.

"సార్, ఒక కుక్కకు గోమార్లు లేవండీ."

"చూడలేదనండి. లేవనకండి."

"మాస్టారు గంటసేపు చూశారండి. సున్నా వెయ్యడానికి అనుమతిస్తే..."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "భీమేశ్వరరావ్ గారూ, పరిపాలనలో సున్నా అనేది సంఖ్య కాదు. నిర్లక్ష్యం. మీ లార్వా ఫైలు నేను చదివాను. ఒక్క సున్నాకు తలుపు తీస్తే వెనకాల వెయ్యి సున్నాలు వస్తాయి. అదీకాక, ఈ వాతావరణంలో పరాన్నజీవి లేని కుక్క ఉండే అవకాశం లేదు. ఉందంటే, అది అసలు కుక్కేనా అన్న సందేహం ఉత్పన్నమవుతుంది. విచారణ జరపండి."

అలా విచారణ ఏర్పాటైంది. ముందుగా డాక్టరు గారి దగ్గర ధ్రువపత్రం తీసుకోమన్నారు. ఆయన ఒకే వాక్యం రాసిచ్చారు. 'ఇది కుక్క అనియు, నా ఎదుట రెండుసార్లు మొరిగినదనియు ధ్రువీకరించడమైనది.'

విచారణ రోజు ఉదయానికి మా ఆఫీసు వరండా చూడవలసిందే. సిరా చుక్క పోయినవాళ్ళు, వలస కేసులవాళ్ళు, ఎక్కువ లెక్క వేశారని అభ్యంతరం చెప్పేవాళ్ళు, అందరూ కుక్కల్ని వెంటబెట్టుకుని పదిరోజులుగా వస్తున్నారు. కుక్కలు గోక్కుంటున్నాయి. రాలినవి గోడ ఎక్కుతున్నాయి. గోడ ఎక్కినవి ప్రత్యేకాధికారిగారి గది కర్టెన్ల దాకా చేరాయి. స్వీపరు వేడినీళ్ళూ ఫినాయిలూ తెచ్చుకుంటే యథాతథ స్థితి ఉత్తర్వు చూపించి నేనే ఆపాను. కుక్క మీద లేని గోమారిని ఏ గడిలో వెయ్యాలన్న సందేహం మీద పైకి రాశాం, జవాబు రాలేదు. అంతవరకు గోడ మీదవాటికి కూడా రక్షణ ఉన్నట్టే.

అక్కగారు సగ్గుబియ్యాన్ని కొత్త లైనింగు గుడ్డలో చుట్టి, గుండెలకు హత్తుకుని తెచ్చింది. వరండాలో ఎక్కడా దాన్ని కింద దించలేదు. నలభై నిమిషాలు నిలబడే ఉంది. కూచోమని స్టూలు వేస్తే దాని కాళ్ళకేసి చూసి వద్దంది. చేతిసంచిలో ప్లకరూ, స్పిరిట్ సీసా ఉన్నాయని నాకు తెలుసు. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆ బ్రాకెట్‌ను నేనెందుకు వదిలేశానా అని ఆ క్షణంలో నన్ను నేనే తిట్టుకున్నాను.

లోపల శశిభూషణ్ గారు, డాక్టరు గారు, అప్పలస్వామి మాస్టారు, రిజిస్టరు పట్టుకుని నేను. కిటికీ కర్టెను సరిగ్గా ప్రత్యేకాధికారిగారి కుర్చీ వెనకే ఉంది.

"అమ్మా," అని మొదలుపెట్టారు ఆయన, చెవి వెనక గోక్కుంటూ. "ప్రభుత్వ దృష్టిలో మీ కుక్క ఇంకా ఉనికిలోకి రాలేదు. దానిమీద ప్రాణంతో ఉన్న పరాన్నజీవి ఒక్కటైనా చూపిస్తే ఈ క్షణంలో నమోదు చేయించి బిళ్ళ ఇప్పిస్తాను. ఇంత పెద్ద పట్టణంలో అందరికీ సాధ్యమైంది మీకెందుకు సాధ్యం కాదు?"

"అయ్యా, గోటితో పోయేదానికి మీరు గొడ్డలి తెచ్చారు. తెచ్చి, గోటితో తీసినదాన్ని తప్పంటున్నారు."

"మీ మనోభావాలను గౌరవిస్తున్నాను. కానీ రేపు సాయంత్రానికి బిళ్ళ లేకపోతే షెడ్డు వ్యాను వస్తుంది. ఇందులో నా వ్యక్తిగత..." ఆయన మళ్ళీ గోక్కున్నారు. ఈసారి కాస్త గట్టిగా.

అక్కగారు ఆయన మాట వినడం మానేసింది. కళ్ళు చిన్నవి చేసి ఆయన మెడకేసి చూస్తోంది. కుట్టులో వంకర దొరికినప్పుడు ఆవిడ అలాగే చూస్తుంది.

"తమ్ముడూ, దీన్ని పట్టుకో" అని సగ్గుబియ్యాన్ని నా చేతుల్లో పెట్టి, సంచిలోంచి ప్లకర్ తీసింది. "అయ్యా, కదలకండి."

"ఏమిటమ్మా ఇది..."

"కదలొద్దన్నానా! తల వంచండి. ఇంకా. ఆఁ."

ఆయన తల వంచారు. ఆ గొంతుకు మా వీధిలో తల వంచనివాళ్ళు లేరు. ఎడమ చెవి వెనక, వెంట్రుకల మొదట్లో, ప్లకర్ కొనతో చర్మానికి దగ్గరగా పట్టుకుని, మెలిపెట్టకుండా తిన్నగా లాగింది. కొన మీద మినపగింజంత గోమారి కాళ్ళాడిస్తూ ఉంది. డాక్టరు గారు ముందుకు వంగి చూసి, "తలతో సహా వచ్చేసిందమ్మా. మా కాంపౌండరుకు కూడా ఇంత శుభ్రంగా రాదు" అన్నారు.

శశిభూషణ్ గారి ముఖం కాసేపు ఎర్రబడి, కాసేపు తెల్లబడి, చివరికి వెలిగింది. పరిష్కారం దొరికిన అధికారి ముఖం అలాగే వెలుగుతుంది.

"చూశారా! సమస్య దానంతట అదే పరిష్కారమైంది. ప్రాణంతో ఉన్న పరాన్నజీవి మన ముందుంది. భీమేశ్వరరావ్ గారూ, దీన్ని ఈ కుక్క పేరున ఒకటి అని వేసెయ్యండి. మాస్టారూ, ఫొటో తియ్యండి. అమ్మా, మీ బిళ్ళ తీసుకెళ్ళండి."

నాకు ప్రాణం లేచొచ్చింది. పదకొండో గడి దగ్గర కలం పెట్టాను. సగ్గుబియ్యం నా చేతిని నాకింది.

"ఆగు తమ్ముడూ" అంది అక్కగారు.

"అక్కగారూ, రాయనివ్వండి. రేపు వ్యాను వస్తుంది."

"వస్తుందని నాకూ తెలుసు. రాత్రంతా దాన్నే తలుచుకుని ఏడ్చాను." గోమారి ఉన్న ప్లకర్‌ను నా ముందుకు చాపింది. "ఇది దాని మీద దొరికిందా? రెండేళ్ళయింది ఒక్క మధ్యాహ్నం నడుం వాల్చి. దాని ఒంటిమీద ఒక్కటి లేకుండా చూసుకున్నాను. నా చేతిపని అది. మీ పుస్తకంలో దాని పేరు పక్కన గోమారి రాస్తే, నేను చేసిందంతా అబద్ధమైపోదా? ఒప్పుకోను. ఎవరి మీద దొరికిందో వాళ్ళ పేరునే రాయి."

"ఇది సాంకేతికమైన సర్దుబాటు మాత్రమేనమ్మా" అన్నారు శశిభూషణ్ గారు.

"సర్దుబాటు జాకెట్టుకి చేస్తాను గానీ, నిజానికి చెయ్యనండి."

అందరూ నా వంక చూశారు. నేను రిజిస్టరు వంక చూశాను. దాని అట్ట మీద ఉత్తర్వు నకలు అంటించి ఉంది. నేను ధైర్యవంతుణ్ణి కాను. ఉత్తర్వు ప్రకారం నడుచుకునేవాణ్ణి, అంతే. ఏడో నిబంధన పైకి చదివాను. ఏ ప్రాణి ఒంటిమీద కనబడినా, అదే రోజు, అదే చోట. హోదా, పలుకుబడి, జాతి కారణంగా మినహాయింపు లేదు.

"సార్, కొత్త పేజీ తీశానండి" అన్నాను. "మూడో గడి, ప్రాణి పేరు. శశిభూషణ్ గారని వేస్తాను. నాలుగోది, జాతి..."

"భీమేశ్వరరావ్ గారూ."

"అది ఖాళీగా వదిలేస్తానండి. అయిదోది, రంగు. ఆరోది, యజమాని పేరు. ఇది మాత్రం తప్పనిసరండి. ఎవరిది వెయ్యమంటారు? తొమ్మిదోది, మెడలో బిళ్ళ ఉన్నదా లేదా."

అప్పలస్వామి మాస్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. డాక్టరు గారు మళ్ళీ ఫ్యాను వంక చూశారు గానీ, ఈసారి భుజాలు కదులుతున్నాయి. బిళ్ళ లేని ప్రాణి రేపు సాయంత్రం ఎక్కడికి వెళ్ళాలో ఆ గదిలో అందరికీ తెలుసు.

శశిభూషణ్ గారు మేజా మీద ఉన్న గాజు పేపర్‌వెయిట్‌ను అటూ ఇటూ జరిపారు. చివరికి గంభీరంగా గొంతు సవరించుకున్నారు.

"క్షేత్రస్థాయి అనుభవాల దృష్ట్యా ఫారాన్ని పునఃసమీక్షించవలసిన ఆవశ్యకత కనబడుతోంది. సున్నా కూడా ఒక సంఖ్యేనని గణిత నిపుణుల అభిప్రాయం. మాస్టారూ, అవునా?"

"అవునండీ!" అన్నారు మాస్టారు, కళ్ళలో నీళ్ళతో. "మనవాళ్ళే కనిపెట్టారండీ!"

"బ్రాకెట్ తొలగించండి. ఈ కుక్కకు సున్నా వేసి బిళ్ళ ఇవ్వండి. ఆ ఇంకో పేజీ..."

"నాకు మీ పేజీలతో పని లేదండి" అంది అక్కగారు. గోమారిని స్పిరిట్ సీసాలో పడేసి మూత బిగించింది. "నా పిల్లది సరిగ్గా రాస్తే చాలు."

నేను పదకొండో గడిలో సున్నా వేశాను. నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో అంత గుండ్రంగా ఇంకే అంకె వెయ్యలేదు. బిళ్ళ సగ్గుబియ్యం మెడలో కట్టాక అక్కగారు కుర్చీలో కూలబడి, దాని బొచ్చులో ముఖం దాచుకుని ఏడ్చింది. కూచునే ముందు కుర్చీ కాళ్ళకేసి చూడ్డం మాత్రం మరిచిపోలేదు.

తర్వాత జరిగింది మీరు ఊహించే ఉంటారు. సున్నా వెయ్యొచ్చన్న సవరణ మధ్యాహ్నం మూడింటికి వెలువడింది. సాయంత్రం ఆరింటికి అప్పటిదాకా నెలరోజులు నత్తనడక నడిచిన ఇరవై నాలుగు వార్డుల లెక్కా పూర్తయిపోయింది. టీకొట్టువాడు ఆ రోజు రెండుసార్లు పాలు తెప్పించాడట. పాత లెక్కలన్నీ పొరపాటని రద్దు చేసి ప్రతి కుక్కకూ సున్నా వేశారు. మొత్తం కూడితే సున్నా వచ్చింది. మాస్టారు రెండుసార్లు సరిచూశారు.

మొదటి త్రైమాసికంలోనే నూరు శాతం లక్ష్యం సాధించిన పట్టణంగా అక్టోబరులో మాకు జ్ఞాపిక ఇచ్చారు. ఫొటోలో శశిభూషణ్ గారు ఒక చేత్తో జ్ఞాపిక పట్టుకుని, రెండో చెయ్యి చెవి వెనక పెట్టుకుని ఉన్నారు. కింద 'దీర్ఘాలోచనలో ప్రత్యేకాధికారి' అని రాయించాం. మందు చుక్కల కోసం డాక్టరు గారు పెట్టిన ఇండెంటు మాత్రం తిరిగొచ్చింది. పట్టణంలో పరాన్నజీవులు లేనందున మందుల ఆవశ్యకత ఉత్పన్నం కాదన్నారు.

ఫొటో కాపీ ఒకటి పట్టుకుని ఆ మధ్యాహ్నం అక్కగారింటికి వెళ్ళాను. మూడయింది. అరుగు మీద లైనింగు గుడ్డలు వరసగా పరిచి ఉన్నాయి. టైగరుతో సహా వీధిలో చిన్న కుక్కలన్నీ యజమానుల ఒళ్ళల్లో కూచుని వంతు కోసం చూస్తున్నాయి. ఆవిడ ఒక్కొక్కరికీ ప్లకర్ పట్టడం నేర్పుతోంది. "మెలిపెట్టొద్దు, తిన్నగా. వేళ్ళతో నలపొద్దు. చెవి లోపల చూశావా? మళ్ళీ చూడు." సగ్గుబియ్యం మెడలో బిళ్ళ తళతళలాడుతోంది. అది ఎవరినీ పట్టించుకోకుండా ఎండలో నిద్రపోతోంది.

అక్కగారు ఫొటో చూసి పక్కన పెట్టింది. నా కాలరు వంక చూసి, స్పిరిట్ సీసా దగ్గరికి జరుపుకుంది.

"తల వంచు తమ్ముడూ."

"మన ఊళ్ళో గోమార్లు లేవు కదా అక్కగారూ" అన్నాను, వంచుతూనే.

"కదలకు," అంది. "ఇంకోటుంది."